కోళ్లకి తలంట్లు పోయకండమ్మా

మొన్న ఆదివారం భోజనాలయ్యాక కాసేపు నడుం వాలుద్దామని పడుకున్నానో లేదో, పెరట్లోంచి పిల్లల కేకలు. వెళ్లి చూద్దును కదా, మా చిన్నదీ, పక్కింటి పిల్లలిద్దరూ కుళాయి దగ్గర చేరారు. మధ్యలో బకెట్టు, బకెట్టు పక్కన మా గౌరి. గౌరి అంటే మా పెట్టకోడి. ఒకళ్ల చేతిలో నా షాంపూ సీసా, ఇంకొకళ్ల చేతిలో వాళ్ల నాన్న ఫోను. "అమ్మా, గౌరికి తలంటు పోస్తున్నాం. నీ డ్రైయర్ ఇస్తావా?" అంది మా చిన్నది ముచ్చటగా.

నేను అరిచిన అరుపుకి పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. గౌరి సందు చూసుకుని అరటిచెట్టు కిందకి పారిపోయింది. "పిల్లలేదో సరదాపడ్డారు. శుభ్రం చేస్తామంటే కూడా తిట్టాలా?" అన్నారు మావారు. పక్కింటావిడ కూడా "పోనీలెండి వదినగారూ, స్నానం చేయిస్తే వాసన కొట్టకుండా ఉంటుంది కదా" అంది.

ఈ మాట చాలామంది నోట వింటున్నాను. ఈమధ్య మళ్లీ ఇళ్లల్లో కోళ్లు పెంచుకుంటున్నాం. నాటుగుడ్ల కోసం కొందరు, పిల్లల సరదాకి కొందరు, మిగిలిన అన్నం వృథా పోకుండా అని కొందరు. మంచిదే. కానీ దాంతోపాటు ఈ స్నానాల పిచ్చి కూడా వచ్చిపడింది. ఫోను తెరిస్తే చాలు, నురగలో మునిగిన కోడి, తువ్వాలులో చుట్టిన కోడి, డ్రైయర్ ముందు కళ్లు మూసుకున్న కోడి.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆరోగ్యంగా తిరిగే కోడికి నీళ్ల స్నానం అక్కర్లేదు. అక్కర్లేకపోవడమే కాదు, చెరుపు కూడా. ఆ స్నానం కోడి కోసం చేయించేది కాదు, చూసేవాళ్ల కోసం చేయించేది. ఆ తేడా తెలియక నేను ఒక కోడిని పోగొట్టుకున్నాను. ఆ సంగతీ చెబుతాను.

ముందు కోడి తనని తాను ఎలా శుభ్రం చేసుకుంటుందో చూడండి. ఎప్పుడైనా మీ కోడి తోక మొదట్లో ఈకలు పక్కకి తీసి చూశారా? అక్కడ చిన్న బొడిపె ఉంటుంది. అందులోంచి ఒకరకం నూనె వస్తుంది. కోడి మెడ వెనక్కి తిప్పి, ముక్కుతో ఆ నూనె తీసుకుని, ఒక్కో ఈకనీ సవరించుకుంటూ రాసుకుంటుంది. ఈక అంటే మనకి ఒక పుల్లా, దానికి అటూ ఇటూ కుచ్చూ. కానీ దగ్గరగా చూస్తే ఆ కుచ్చులో పోగుకీ పోగుకీ మధ్య కంటికి కనపడనంత చిన్న కొక్కేలుంటాయి. అవి ఒకదానికొకటి తగులుకుని ఉంటేనే ఈక ఒక పలకలా ఉండి, లోపలి వెచ్చదనం బయటకి పోనివ్వదు, బయటి తడి లోపలికి రానివ్వదు. ఊడిన కొక్కేలని కోడి ముక్కుతో దువ్వి మళ్లీ తగిలించుకుంటుంది. మనం షాంపూ వేసి, వేళ్లతో అటూ ఇటూ రుద్ది చేసేదేమిటయ్యా అంటే, ఆ నూనె కడిగెయ్యడం, ఆ కొక్కేలు చెదరగొట్టడం. సవరం చిక్కు తీసినట్టు ఈకని రుద్దకూడదు.

మరి నూనె పేరుకుపోయి జిడ్డు కాదా అంటారు. అవుతుంది. అందుకే మట్టి. మీరు చూసే ఉంటారు, కోడి పొడినేల చూసుకుని గోతిలా గీరి, అందులో పక్కకి ఒరిగి, రెక్కలతో దుమ్ము మీదకి ఎగజల్లుకుని, ఒళ్లంతా పొర్లి, చివర్లో లేచి ఒక్క దులుపు దులుపుతుంది. వీలుంటే రెండు రోజులకోసారి, దగ్గర దగ్గర అరగంట చేస్తుంది. పాతబడ్డ నూనెని ఆ దుమ్ము పీల్చేసుకుంటుంది, దులపగానే రాలిపోతుంది, దాంతోపాటు కొన్ని పురుగులూ పోతాయి. మట్టి దొరకని కోళ్ల ఈకల మీద నూనె పేరుకుంటుందనీ, మట్టి దొరకగానే తగ్గుతుందనీ పరీక్షలు చేసి చూశారు కూడా. ఇది ఎవరూ నేర్పేది కాదు. ఇంక్యుబేటర్‌లో పుట్టి తల్లిని చూడని పిల్లలు కూడా నాలుగు రోజులు తిరగ్గానే పొర్లడం మొదలుపెడతాయి. తీగల పంజరాల్లో పెట్టి పెంచే గుడ్ల కోళ్లయితే, కింద రేణువు మట్టి లేకపోయినా, ఆ వట్టి తీగల మీదే పక్కకి ఒరిగి, లేని మట్టిని రెక్కలతో జల్లుకుంటున్నట్టు ఆడతాయి. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక్కడే మన తప్పు ఉంది. మా ఇల్లు కట్టినప్పుడు నేనే పట్టుబట్టి పెరడంతా సిమెంటు చేయించాను. బురద తొక్కి ఇంట్లోకి రాకూడదని. అరటిచెట్టు చుట్టూ మూరెడు మట్టి మిగిలింది, దానికి రోజూ నీళ్లు పెడతాం కాబట్టి అదీ తడే. అలాంటి పెరట్లో కోళ్లని వదిలి, అవి జిడ్డుగా ఉన్నాయి, మురికిగా ఉన్నాయి అని షాంపూ తీశాం. వాటి స్నానాలగది మనం తీసేసుకుని, మన స్నానాలగదిలోకి వాటిని ఈడ్చుకొస్తున్నాం.

ఇప్పుడు వాసన సంగతి. పక్కింటావిడకి నేను ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న కోడిని పట్టుకుని ఈకల దగ్గర ముక్కు పెట్టి చూడండి. ఎండలో వేసిన దుప్పటి వాసన తప్ప ఏమీ రాదు. వాసనంతా గూట్లో తడిసిన రెట్టది. గూట్లో కింద జానెడు మందాన పొడి ఊక వేయండి, తడిసినచోట ఎప్పటికప్పుడు తీసి కొత్తది పోయండి, నీళ్లగిన్నె ఒలకకుండా ఎత్తు మీద పెట్టండి, గాలి ఆడేట్టు చూడండి. వాసన పోతుంది. గూడు కడగాల్సినచోట కోడిని కడిగితే, సాయంత్రానికి అది మళ్లీ ఆ గూట్లోకే వెళ్తుంది కదా.

"మరి పేలో?" అంటారు. పేలకీ నీళ్లు మందు కాదు. కోడిపేలు కోడి ఒంటి మీదే బతుకుతాయి. ఈకల మొదట్లో, ముఖ్యంగా రెట్ట వేసే చోటు చుట్టూ, గుడ్లు తెల్లగా బంకలా అంటించి పెడతాయి. మన పిల్లల తలలో ఈపి ఒక్క తలంటుతో పోయిందా ఎప్పుడైనా? ఇదీ అంతే. ఇంకోరకం ఎర్రవి ఉంటాయి, అవి పగలు కోడి మీద ఉండనే ఉండవు. గూటి చెక్కల సందుల్లో, కర్ర కింద దాక్కుని, రాత్రి కోడి పడుకున్నాక వచ్చి రక్తం తాగి పోతాయి. పగలు కోడిని ఎంత తోమినా వాటికి ఏమీ కాదు. రాత్రి టార్చిలైటు తీసుకుని, కోళ్లు వాలే కర్ర కింద తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. ఎర్ర మరక అంటితే, శుభ్రం చేయాల్సింది గూడు. పేలు బాగా పట్టి కోడి నీరసిస్తుంటే పశువుల డాక్టర్ని అడిగి మందు తెచ్చుకోండి. గుడ్లలోంచి కొత్తవి పొదుగుతాయి కాబట్టి వారం పది రోజులకి మళ్లీ వేయాల్సి వస్తుంది. అంతేగానీ ఇంట్లో ఉన్న చీమలమందు, బొద్దింకలమందు చల్లకండి. మా చిన్నప్పుడు ఊళ్లో గమాక్సిన్ పొడి కోళ్ల రెక్కల కింద కొట్టేవాళ్లు, ఆ చేత్తోనే గుడ్లు తీసేవాళ్లు. పాతకాలం వాళ్లు చేసిందంతా మంచిదే అని నేను అనను.

"వీడియోల్లో కోడి హాయిగా కళ్లు మూసుకుంటుంది కదా?" అని మా పెద్దమ్మాయి వాదన. వెచ్చటి నీళ్లలో కొన్నిటికి హాయిగా ఉంటుందేమో, నేను కాదనను. కానీ కోడికి ఇంకో గుణం ఉంది. గట్టిగా పట్టుకున్నప్పుడు, పారిపోయే దారి లేనప్పుడు, చచ్చినట్టు కదలకుండా ఉండిపోతుంది. పిల్లి నోట్లో పడ్డప్పుడు కూడా అలాగే ఉంటుంది. ఆ కదలకపోవడాన్ని మనం ముద్దు అనుకుంటున్నాం.

"విదేశాల్లో కడుగుతారట" అనేది ఇంకో మాట. నిజమే. అక్కడ కోళ్ల అందాల పోటీలుంటాయి. ముఖ్యంగా తెల్లకోళ్లని పోటీకి ముందు తొట్లలో కడిగి, వెచ్చటి గదిలో పూర్తిగా ఆరబెడతారు. అదీ పోటీకి కొన్ని రోజుల ముందే చేస్తారు, ఈకల్లో మళ్లీ నూనె చేరి, కోడి తనే సర్దుకోవడానికి. అక్కడ మార్కులు వేసే జడ్జి ఉంటాడు. మన పెరట్లో కోడికి ఏ జడ్జి మార్కులు వేస్తాడని?

నాకో జడ్జి ఉండేది లెండి. ఇప్పుడు ఆ సంగతి.

నాలుగేళ్ల కిందట మా ఇంట్లో చుక్కమ్మ అని ఒక పెట్ట ఉండేది. తెల్లటి ఒంటి మీద నల్లచుక్కలు. రెండేళ్ల వయసు. అది మార్గశిర మాసం. హైదరాబాద్ నుంచి మా వదినగారు, అంటే మావారి అక్కగారు, మర్నాడు భోజనానికి వస్తున్నారు. అంతకుముందోసారి వచ్చినప్పుడు ఆవిడ గుమ్మంలోనే "ఇల్లేమిటి వదినా, కోళ్లఫారం వాసనొస్తోంది?" అన్నారు. నలుగురి ముందు. ఆ మాట నాలో ఏడాదిపాటు ఉండిపోయింది. అందుకని ఆ సాయంత్రం ఇల్లంతా కడిగాను, కర్టెన్లు మార్చాను, చివరికి నా కళ్లు చుక్కమ్మ మీద పడ్డాయి. మెడ దగ్గర ఈకలు ఊడి, వీపు మీద చిందరవందరగా, తోక సగం లేక, చూడ్డానికి చాలా అసహ్యంగా ఉంది. పట్టుకుని బాత్రూంలోకి తీసుకెళ్లాను.

మా అత్తయ్య మంచం మీంచే అన్నారు, "అమ్మాయ్, అది ఈకలు రాలుస్తోందే. దాని జోలికి వెళ్లకు. ఇంత బూడిద పొయ్యి, అదే చూసుకుంటుంది." నేను "మీకు తెలీదులెండి అత్తయ్యా" అన్నాను.

తెలియనిది నాకే. కోడి ఏడాదికోసారి, ఎక్కువగా పగటిపొద్దు తగ్గే రోజుల్లో, పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. ఈకలో నూటికి 85 నుంచి 90 పాళ్లు మాంసకృత్తే. తిన్నదంతా ఈకలకే పోతుంది కాబట్టి ఆ రోజుల్లో గుడ్లు కూడా మానేస్తుంది. కొత్తగా మొలిచే ఈక కాడలో రక్తం ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. అప్పుడు దానికి కావాల్సింది కాస్త బలమైన తిండి, ప్రశాంతత. నేను ఇచ్చింది పిల్లల షాంపూ, రెండు బకెట్ల నీళ్లు.

పైఈకలు తువ్వాలుతో ఆరినట్టే కనిపించాయి. లోపలి నూగు ఆరలేదు. డ్రైయర్ పెడితే నోరు తెరిచి ఎగరొప్పడం మొదలుపెట్టింది, భయమేసి ఆపేశాను. కోడి ఒంటి వేడి మామూలుగానే 105 నుంచి 107 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ఆ వేడి నిలబెట్టుకోవడానికి దానికి ఉన్న దుప్పటి ఆ ఈకలే. నేను దాని దుప్పటి తడిపి, చలిరాత్రి గంప కింద పెట్టి, పైన గోనెసంచి కప్పి, పని అయిపోయిందనుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న ముడుచుకుని కూర్చుంది. నూకలు వేస్తే ముట్టలేదు. మూడోరోజు తెల్లారేసరికి లేదు. చలివల్లే పోయిందని ఏ డాక్టరూ పరీక్ష చేసి చెప్పలేదు. కానీ నాకు తెలుసు. వదినగారు వచ్చారు, పప్పు బావుందన్నారు, రెండు గంటలు కూర్చుని వెళ్లిపోయారు. పెరట్లోకి తొంగైనా చూడలేదు.

అప్పుడు మా చిన్నదానికి ఆరేళ్లు. "చుక్కమ్మ ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగింది. "ముసలిదైపోయిందమ్మా" అన్నాను.

ఇది చెప్పుకుంటే నాకేం గొప్ప కాదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, మనం ఇళ్లల్లో చేసే చాలా శుభ్రాలు ఇలాంటివే. ఎవరో వస్తారని, ఎవరో ఏదో అంటారని. మన ఒంటి మీదా, పిల్లల మీదా ఆ ఆరాటం రుద్దుతూనే ఉన్నాం, ఇప్పుడు కోడి దాకా వచ్చింది. పైగా ఈ స్నానాల్లో చాకిరీ ఎవరిది? ఫోను పట్టుకునేది మగవాళ్లు, నవ్వేది పిల్లలు. పట్టుకుని కడిగే చేతులు చూడండి, చాలా వీడియోల్లో గాజులుంటాయి. ఆ తర్వాత బాత్రూంలో ఈకలు ఏరి, రెట్ట కడిగి, తువ్వాళ్లు ఉతికేది కూడా ఆ చేతులే. కోడి రెట్టలో విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు ఉండొచ్చు, సాల్మొనెల్లా లాంటివి. వంటింటి సింకులో కోడిని కడగడం నేను కళ్లారా చూశాను. దయచేసి అది మాత్రం ఎవ్వరూ చేయకండి.

అయితే కోడిని ఎప్పుడూ తడపకూడదా? అలా అనను. రెట్ట అంటుకుని వెనకభాగం గడ్డకట్టిందనుకోండి, వానాకాలంలో ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. కాలవలోనో, నూనెలోనో పడిందనుకోండి. అప్పుడు కడగాల్సిందే. మంచి ఎండవేళ, గోరువెచ్చటి నీళ్లలో, మురికైన భాగం మాత్రమే ముంచి కాసేపు నాననివ్వండి. గట్టిగా లాగకండి, చర్మం ఊడి వస్తుంది. రాకపోతే చర్మానికి తగలకుండా ఆ ఈకలే కత్తెరతో కత్తిరించేయండి. ఈక వాలు ఎటుంటే అటే తుడవండి. తల, రెక్కలు తడపక్కర్లేదు. చర్మం దాకా ఆరిందని వేలు పెట్టి చూసుకునే దాకా వదలకండి, పొద్దుగూకే లోపల ఆరిపోవాలి. చిన్నపిల్లలకైతే వెనక అంటుకుంటే వెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో అద్ది తీయండి చాలు. మెత్తటి జుట్టులాంటి ఈకల సిల్కీ కోళ్లు కొనుక్కున్నవాళ్లు ఇంకా జాగ్రత్త. వాటి ఈకలకి ఆ కొక్కేలు సరిగ్గా ఉండవు, తడి నేరుగా చర్మానికి దిగుతుంది.

కడిగి ఊరుకోకుండా, అసలెందుకు అంటుకుంది అని ఆలోచించండి. కడుపులో నులిపురుగులా, తిండి పడలేదా, జబ్బా? కోడి మూలన మునగదీసుకుని, పచ్చగానో తెల్లగానో విరేచనాలు అవుతుంటే అది మురికి కాదు, రోగం. కొక్కెర తెగులు కూడా అలాగే మొదలవ్వొచ్చు. ఆ కోడికి నీళ్లు పోస్తే ఉన్న కాస్త ఓపికా పోతుంది. వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి పశువుల ఆసుపత్రికి వెళ్లండి.

మిగతా రోజులకి మట్టి ఇవ్వండి. నేను చేసింది చెబుతాను. పగిలిపోయిన పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకున్నాను. పాత లారీ టైరయినా సరిపోతుంది. అందులో ఎండిన మెత్తటి మట్టి, ఇసుక, జల్లించిన కట్టెల బూడిద కలిపి జానెడు లోతున పోశాను. బూడిద మా అత్తయ్య నీళ్లపొయ్యిది. పొయ్యి లేనివాళ్లు వట్టి మట్టీ ఇసుకా పోసినా చాలు. ప్లాస్టిక్ కాల్చిన బూడిద వద్దు, సున్నం కలపొద్దు. బూడిద తడిస్తే చర్మం మండుతుంది కాబట్టి పైన రేకు ముక్క ఉండాలి. రెండు కోళ్లు ఒకేసారి పట్టేంత వెడల్పుంటే మంచిది, అవి పొర్లడం కూడా కలిసే చేస్తాయి. ఖర్చు ఏమీ లేదు. చాకిరీ వారానికోసారి రెట్ట ఏరి పారేయడం.

ఆదివారం నేను అరిచాక మా చిన్నది మూతి ముడుచుకుని కూర్చుంది. సాయంత్రం దాని పక్కన కూర్చుని, చుక్కమ్మ ముసలిదై పోలేదని, నా వల్ల పోయిందని చెప్పాను. నాలుగేళ్లు పట్టింది నాకు ఆ మాట చెప్పడానికి. అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "నాకు తెలుసమ్మా. ఆ రోజు బాత్రూం జాలీలో తెల్ల ఈకలు చూశాను."

"మరి తెలిసీ గౌరికి ఎందుకు పోద్దామనుకున్నావే?" అన్నాను.

"వీడియోల్లో అందరూ పోస్తున్నారు కదా. నువ్వే సరిగ్గా పోయలేదేమో అనుకున్నా" అంది.

అందుకే ఇదంతా రాశాను. సరిగ్గా పోయడం అంటూ లేదమ్మా దానికి. ఇప్పుడు టబ్బులో మట్టి ఆరిందో లేదో చూసే పని మా చిన్నదానిదే. మధ్యాహ్నం ఎండ పడగానే గౌరి వెళ్లి అందులో ఒరుగుతుంది, అరగంటకి లేచి దులుపుకుంటుంది. ఆ దుమ్మంతా నేను ఆరేసిన బట్టల మీద పడుతుంది. దండెం ఇంకోచోటికి మార్చుకున్నాను.